కంటి కొలత చొక్కా

దర్జీకి ఒక గొప్ప ఉండేది. ఊరందరికీ టేపు పెట్టి కొలిచి కుట్టేవాడు గానీ, పక్కింటి బస్సు డ్రైవరుకు మాత్రం కంటితో చూసి కుట్టేవాడు. "మా బావకి టేపేంటి, పరాయివాడా?" అనేవాడు. నిజానికి వాళ్లకు చుట్టరికం ఏమీ లేదు. గోడకు అటొకరూ ఇటొకరూ ముప్పై ఏళ్లున్నాక వరసలు వాటంతటవే కలుస్తాయి.

ఏటా డిసెంబరు చివరి వారం సెలవుల్లో ఒకరోజు, వెనక వసారాలో రెండిళ్ల బల్లలూ కలిపి అందరూ భోజనానికి కూర్చుంటారు. పది రోజుల ముందు అందిన కొత్త చొక్కా తొడుక్కుని డ్రైవరు రావాలి. దర్జీ దాన్ని ముందూ వెనకా చూసి మీసం దువ్వుకోవాలి. అంతవరకూ ఎవరి పళ్లెంలోనూ మెతుకు పడదు. "చంకలో ఒక్క ముడత ఉందేమో చూపించు!" అని పెళ్లాన్ని సవాలు చేస్తాడు. "లేదు మహానుభావా, కూర చల్లారిపోతోంది," అంటుందావిడ.

ఈ ఏడు దర్జీ ఆ మాట కోసం మరీ తహతహలాడాడు. సూదిలో దారం మూడోసారికి గానీ ఎక్కడం లేదు. వీధి చివర రెడీమేడ్ కొట్టు వెలిశాక దుకాణానికి వచ్చేవాళ్లూ పలచబడ్డారు. బావ చొక్కా కుదిరితే తనలో ఇంకా పస ఉన్నట్టు, లేకపోతే దుకాణానికి తాళమే అని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

డ్రైవరు రానే వచ్చాడు. పొట్ట దగ్గర బొత్తాలు పట్టు వదలకుండా ఉండాలని ఊపిరి బిగబట్టి ఉన్నాడు. చొక్కా చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. కాలరు ఎడమ చెవితో ఏదో గుసగుసలాడుతున్నట్టుంది.

"భలే ఉంది బావా," అన్నాడు గాలి వదలకుండా.

దర్జీ మొహం పాలిపోయింది. మీసం మీదికి పోయిన చెయ్యి సగంలోనే ఆగింది.

"అయిపోయింది బావా. ముప్పై ఏళ్లు దారప్పోగంత తేడా రానివ్వనివాణ్ణి. కన్ను పోయింది. రేపే దుకాణం మూసేస్తా."

డ్రైవరు భార్య, కట్టు కట్టిన కుడిచేతిని బల్ల కిందికి దాచుకుంది. రెండు వారాల కిందట మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది పాపం. డ్రైవరు తల్లి ఒక్కతే ఎవరికోసమూ ఆగకుండా అప్పడం అందుకుని తాపీగా నములుతోంది. ఆవిడకు చొక్కాలతో పని లేదు, ఆకలితోనే పని.

"లేని కన్ను ఎలా పోతుంది అల్లుడూ?" అంది.

"అమ్మా!" అని కేకేశాడు డ్రైవరు. ఆ కేకకు బొత్తం ఒకటి తెగి మజ్జిగ గ్లాసులో పడింది.

"అమ్మా లేదు గిమ్మా లేదు. దుకాణం మూసేస్తానంటుంటే నన్ను నోరు మూసుకోమంటావేం? ఏటా నా కోడలు తలుపేసుకుని ఆ చొక్కా కుట్లు విప్పి మళ్లీ కుడుతుంది. ఈసారి చెయ్యి విరిగింది కాబట్టి, అల్లుడూ, నీ పనితనం నీకే కనపడింది. నీ చూపు ముప్పై ఏళ్ల కిందట ఎంతో ఇప్పుడూ అంతే. ఏమీ తగ్గలేదు!"

"నిజమా చెల్లెమ్మా?" అన్నాడు దర్జీ.

"మొదటి ఏడు చెబుదామనే వచ్చానన్నయ్యా. ఎలా కుదిరిందంటూ మీరు గుమ్మంలోనే చంటిపిల్లాడిలా మొహం పెట్టారు. నాకు నోరు రాలేదు. రెండో ఏటికి అలవాటైపోయింది."

దర్జీ గిర్రున పెళ్లాం వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"రంగు కలిసే దారం ఎవరిచ్చారనుకున్నారు?"

ముందు దర్జీకి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు తనను వెర్రివాణ్ణి చేసి ఆడించారన్నమాట! తర్వాత గుండెల మీద బరువు దిగినట్టయింది, పోయిందనుకున్నది అసలు పోనేలేదు మరి. ఆపైన, తన మీసం కోసం ఒక మనిషి ఇన్నేళ్లు కళ్లు పొడుచుకుందని తలుచుకుంటే సిగ్గూ ప్రేమా కలగలిసి పొంగుకొచ్చాయి. దిగ్గున లేచి ఇంట్లోకి వెళ్లాడు. అలిగాడనుకున్నారందరూ. కత్తెర, సూది, దారం పట్టుకుని వచ్చాడు.

"బావా, చొక్కా విప్పు."

డ్రైవరు ఇన్నాళ్లకు ఊపిరి వదిలి, బనీనుతో హాయిగా భోజనానికి కూర్చున్నాడు. దర్జీ భార్య సూదిలో దారం ఎక్కించింది. దర్జీ చొక్కాను తిరగేసి డ్రైవరు భార్య ముందు పరిచాడు.

"ఎక్కణ్ణించి విప్పమంటావు చెల్లెమ్మా?"

ఆమె ఎడమచేతి వేలితో కుట్టు వెంట చూపించింది. దర్జీ కత్తెర ఆనించాడు.

"అక్కడ కాదన్నయ్యా, ఇంకాస్త కిందికి."

పనిలో ఎవరి మాటా వినని దర్జీ, మారుమాట్లాడకుండా కత్తెర ఇంకాస్త కిందికి జరిపాడు.