కోళ్ల గూటి కింది మోటారు సైకిలు

సుందరరావు భార్య రత్నమాలకు తెల్లారగానే నొప్పులు మొదలయ్యాయి. ప్రత్యేక తెలంగాణ కోసం ఊరంతా బంద్. రిక్షా లేదు, బస్సు లేదు. కాన్పు చేసే నర్సు ఆశమ్మ ఉండేదేమో కాచిగూడలో.

"నీ బండి మీద పోయి తోల్కరా తమ్మి," అంది ఇంటి యజమానురాలు హనుమమ్మ. "నోరు మాత్రం తెరవకు. నారాయణగూడ చౌరస్తాల పోరగాండ్లు మనుషుల్ని మాట్లాడిచ్చి చూస్తున్నరంట. నీ అండీలు విన్నరంటే బండికి అగ్గి పెడ్తరు."

కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో అద్దెకుంటున్న గుమాస్తా అతను. ఆ బండి కవాడిగూడలో ఒకరి పెరట్లో, కోళ్ల గూటి కింద దొరికిన పాత మిలిటరీ మోటారు సైకిలు. సైలెన్సరులో గుడ్డు పెంకులు కూడా ఉన్నాయి. పదకొండు నెలల ఆదివారాలు దానికే ధారపోశాడు. టాంకులో గులకరాళ్లు, కిరసనాయిలు వేసి, చేతులు పడిపోయేదాకా ఊపి తుప్పు రాల్చాడు. కిక్కు రాడ్డుకు రబ్బరు దొరక్క చెప్పు అట్ట కోసి బిగించాడు. టాంకు మీద బంగారు రంగు గీత ఊపిరి బిగబట్టి ఒక్క లాగున గీశాడు. ఇంజను మొదటిసారి పలికిన రోజు అన్నం సంగతే మరిచిపోయాడు.

చిక్కడపల్లి దాటేదాకా బాగానే నడిచింది. చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. రోడ్డుకడ్డంగా ముప్పై మంది. సరిగ్గా వాళ్ల ముందే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఏడికి పోతున్నవే?" అన్నాడొక కుర్రాడు.

సుందరరావు నోటి మీద వేలు పెట్టి అడ్డంగా చెయ్యూపాడు. వెన్నంతా చెమట.

"మూగోనివా? హారన్ కొట్టు, అదన్న మాట్లాడతదేమో," అంటే అందరూ నవ్వారు.

నూనె మరకల చొక్కా మనిషొకడు, "జర జరగండ్రి," అంటూ వచ్చి కార్బురేటరు విప్పాడు. పెట్రోలు పారే సన్నని జెట్టు నోట్లో పెట్టుకుని ఊదాడు. తుప్పు రవ్వ ఒకటి అరచేతిలో పడింది. లేవబోయినవాడు ఆగి, చెప్పు అట్టను, గీతను, చక్రాల ఒక్కో చువ్వను వేళ్లతో తడిమాడు. ఆ బండిని అంత నిదానంగా చూసినవాళ్లు ఇంతవరకూ లేరు.

"ఏం పనితనం. ఎవరు చేసిన్రు?"

"నేనేనండీ."

మాట జారిపోయింది. ఆ మనిషి వేలు గీత మీదే నిలిచిపోయింది.

"ఎవడే మాట్లాడింది?" వెనక నుంచి కుర్రాడు దగ్గరికొచ్చాడు. టాంకు నిండా పెట్రోలు.

"నేనే," అన్నాడు చొక్కా మనిషి గట్టిగా. "ఈ పీరయ్య చేతి పనే ఇది. నా దుకాణంలనే చేసిన."

"గా గీత గూడనా అన్న?"

"ఆఁ. మూడు సార్లు దిద్దితే గట్లొచ్చింది."

కాదు, ఒక్క లాగునే. అదే అనబోయి సుందరరావు నాలుక కరుచుకున్నాడు. కుర్రాడు పీరయ్య భుజం తట్టాడు.

మూత బిగిస్తూ పీరయ్య గొంతు తగ్గించి, "ఇంక ఎవడెంత పొగిడినా ఉలకకు. పో," అన్నాడు.

బండి కాచిగూడ చేరింది. గర్భిణుల ఇళ్లవాళ్లు తప్ప ఆశమ్మ తలుపు తట్టేవాళ్లుండరు. సంచి భుజాన వేసుకుంటూనే, "ఎన్నో నెల నాయనా?" అని అడిగింది.

సుందరరావు సందు ఆ చివరా ఈ చివరా చూసి, తొమ్మిది వేళ్లు చూపించాడు.