బ్యాటరీ చావు మీద మూడు వార్తలు

ఆ రోజు పొద్దున నా చేతిలో ఉన్నది ఇంతే: మూడు దారులు కలిసేచోట ఒక బ్యాటరీల కొట్టు, ఒక పాత వ్యాను, ఒక ఫోను, ఒక బావమరిది. వీటిలో తనంతట తాను నడిచేది బావమరిది ఒక్కడే. మిగతావాటిని రోజూ తోయాల్సిందే.

కొట్టుకి బోర్డు లేదు. ఎప్పుడో గాలికి పడిపోతే మళ్లీ రాయించలేదు. ఊరంతా నన్ను బ్యాటరీ అనే పిలుస్తున్నప్పుడు బోర్డు దండగ అనుకున్నాను. ఫోన్‌ని మాత్రం వ్యానులోనే, స్టీరింగు పక్కన రాగి తీగతో కట్టేశాను. వ్యాను ఎవరు తోలుతుంటే వాళ్లే ఫోనెత్తి "బ్యాటరీ, చెప్పండి" అనాలి. పగలంతా నేను తోలేవాణ్ని. సందెవేళ నుంచి పొద్దెక్కేదాకా మా బావమరిది. ఎవరు ఎప్పుడు పిలిచినా బ్యాటరీ పలికేవాడు. గిరాకీ పోకుండా ఇంతకంటే మంచి ఉపాయం ఎవడికైనా తడుతుందా అని మురిసిపోయేవాణ్ని కూడా.

సరుకుకి పక్షపాతం ఉండకూడదన్నది నా పద్ధతి. కొండ మీది ఆసుపత్రి, బడి, నూనె మిల్లు, నీళ్ల మోటారు, దారిలో సైనికుల చెక్‌పోస్టు, అందరికీ నా బ్యాటరీలే. కొండ అవతల తుపాకులు పట్టుకు తిరిగేవాళ్లు కూడా ఎవరినో ఒకరిని పంపి కొనిపించుకునేవారు. చీకట్లో కూర్చోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

ఆ పొద్దున బావమరిది టీకా మందుల ఫ్రిజ్జు కోసం రెండు పెద్ద బ్యాటరీలు వేసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు.

"బావా, అక్కతో చెప్పు. మధ్యాహ్నం నా వాటా కూర కూడా నీకే పెట్టెయ్యొద్దని."

"నువ్వు మిగిల్చిందెప్పుడ్రా, నేను తిన్నదెప్పుడు? పో పో, ఎండెక్కుతోంది."

వాడితో నేనన్న చివరి మాట అదే.

ఎండెక్కాక, ఎదురుగా సెలూన్ నడిపే అతను నురగ బ్రష్షు చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు ఆగిపోయాడు.

"అన్నా... నువ్వు పోయావంట!"

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, పైకి! టీవీలో చెప్తున్నారు. డ్రోన్ కొట్టిందంట. మిలిటెంట్లకి సామాను చేరేసే బ్యాటరీ, వాడితో పాటు ఇంకో ముగ్గురు తుపాకులోళ్లు హతం అంట."

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. "అయితే పోయినవాడికి ఓ టీ చెప్పు. పంచదార తక్కువ" అన్నాను. సగం గడ్డం గీయించుకున్న గిరాకీ ఒకాయన మెడలో తువ్వాలుతోనే బయటికొచ్చి, నన్ను చూసి ఆయనా నవ్వాడు. అందరం కలిసి సెలూన్‌లోకి వెళ్లి టీవీ చూశాం. కొండదారి మీద ఏదో కాలి నల్లగా ముద్దయిపోయి ఉంది. కెమెరా కొంచెం పక్కకి జరిగింది. ఊడిపడ్డ వెనక తలుపు. దాని మీద పచ్చ రేకు ముక్క, నాలుగు మూలలా మేకులు.

ఆ రేకు నేనే కొట్టించాను. తలుపు తుప్పుపట్టి చిల్లుపడితే.

నవ్వు నా ముఖం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసెయ్యాలని కూడా తెలియలేదు. సెలూన్ అతని ఫోన్ తీసుకుని నా నంబరుకే కొట్టాను. పలకలేదు. బ్యాటరీ పలకకపోవడం అదే మొదటిసారి.

నా భార్య వంట మధ్యలో వదిలేసి వచ్చింది. వాడు ఆమెకి తమ్ముడే గాని, తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఈమే. సాయంత్రమయ్యేసరికి మా ముందు మూడు కథలున్నాయి. ప్రభుత్వం చెప్పేది: మరణించిన నలుగురూ మిలిటెంట్లే. కొండవాళ్లు, అంటే అవతలి తుపాకులవాళ్లు, పంపిన ప్రకటన: తమ వీరుడు బ్యాటరీ ముగ్గురు అనుచరులతో సహా అమరుడయ్యాడు. ఒక రేడియో మాత్రం, దెబ్బతిన్నది ఖాళీ వాహనమనీ, ఎవరూ చనిపోలేదనీ అంది.

నా భార్య ఆ మూడోదాన్ని పట్టుకుని వేలాడింది. "ఖాళీ అన్నారుగా. ఖాళీ అనే అన్నారుగా. మీరూ విన్నారుగా."

విన్నాను. ఒకే సరుకుకి ముగ్గురు మూడు ధరలు చెబితే నేను నోరెత్తను. వెళ్లి సరుకు చూస్తాను. కానీ ఇద్దరు బద్ధశత్రువులైన వ్యాపారులు ఒకే ధర చెప్పారంటే అక్కడ ఎవడి కొంపో మునిగిందని అర్థం. నా గుండె ఆ రెండు కథల దగ్గరే ఆగిపోయింది. ఆమెతో ఆ మాట అనలేదు. కొండదారి మూసేశారు. వెళ్లి చూసే వీలు లేదు.

మర్నాడు ఒకావిడ కారు దిగింది. ఇలాంటి దాడుల మీద వచ్చే పొంతన లేని వార్తల్ని విచారించి, అసలేం జరిగిందో తేల్చడం ఆవిడ ఉద్యోగమట.

"బ్యాటరీ ఇల్లు ఇదేనా అండీ? ఆయన తాలూకు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు. భార్య లోపలుంది. బావమరిది నిన్నట్నుంచీ కనబడ్డం లేదు."

"మీరేమవుతారు ఆయనకి?"

"నేనే ఆయన."

ఆవిడ మెట్టు మీద కూలబడింది. కాసేపు నన్నూ, తన చేతిలోని కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ప్రభుత్వం బ్యాటరీ గురించి చెప్పింది చదివి వినిపించింది: రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాడు. నిద్రపోడు. కొండల్లో నాలుగు రహస్య స్థావరాలున్నాయి, వాటికి మాటిమాటికీ వెళ్తుంటాడు. అతి ప్రమాదకరమైన మనిషి.

"ఆ నాలుగూ ఎక్కడమ్మా?"

మ్యాపు తీసి వేలు పెట్టి చూపించింది. ఆసుపత్రి. బడి. నూనె మిల్లు. నీళ్ల మోటారు.

"వీళ్లు నా గిరాకీలమ్మా" అన్నాను. "నిద్రపోనివాడు ఒకడు కాదు. ఇద్దరం. ఒకడు పడుకుంటే ఇంకొకడు తోలేవాడు. ఫోన్ మాత్రం దిగేది కాదు."

"వాళ్లు మనిషిని చూడలేదు" అందావిడ నెమ్మదిగా. "ఫోన్‌నే చూశారు."

ఆవిడకి కొండదారి మీద వెళ్లే అనుమతి ఉంది. నన్ను సహాయకుడని చెప్పి కారెక్కించుకుంది. వ్యాను పడి ఉన్నచోట యాసిడ్ వాసన ఇంకా పోలేదు. కరిగిన సీసం రోడ్డు మీద పారి, గడ్డకట్టి, ఎండకి మెరుస్తోంది. నా సరుకే. చూడగానే గుర్తుపట్టాను.

కొంచెం కింద ఒక టీ బడ్డీ ఉంది. అది నడిపే ముసలామెకి నేను తెలుసు. నన్ను చూసి గిన్నె వదిలేసింది.

"ఓరి నాయనో, నువ్వు బతికే ఉన్నావా! మరి... అయ్యో, అయితే పిల్లోడా పోయింది!"

విచారణకొచ్చిన ఆవిడ అడిగింది, "బండిలో ఇంకెవరున్నారమ్మా?"

"ఎవరుంటారు? జ్వరమొచ్చిన బిడ్డనెత్తుకుని మొగుడూ పెళ్లాం ఇక్కడే నిలబడ్డారు. నడిచిపోదామనుకున్నారు. ఆ పిల్లోడు ఆపి, ఎక్కండెక్కండి, నేనూ ఆసుపత్రికే అన్నాడు. టీ ఇస్తానంటే వచ్చేటప్పుడు తాగుతాలే పెద్దమ్మా అన్నాడు. ఆ మలుపు తిరిగాడో లేదో..."

"బిడ్డకెన్నేళ్లు?"

"ఏళ్లేంటి తల్లీ? ఇంకా చంక దిగందే."

మూడో తుపాకీమనిషి ఇంకా చంక దిగలేదు. విచారణ కోసం వచ్చిన ఆవిడ రాయడం ఆపేసింది.

తర్వాత జరిగింది ముసలామే చెప్పింది. ముందుగా కొండవాళ్లు దిగారు. బ్యాటరీ బండి అని ఎవరో అనగానే మావాడే, మావాడే అంటూ జెండా కప్పి, దొరికినవన్నీ మూటగట్టుకుని కొండెక్కిపోయారు. రేడియో మనిషి వచ్చేసరికి బండి తప్ప ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు పాపం: ఖాళీ అని.

ఆమె బల్ల కిందనుంచి ఒక చెప్పు తీసి నా చేతికిచ్చింది. తెగిన పట్టీని రాగి తీగతో మెలిపెట్టి కట్టి ఉంది. మా కొట్టు తీగే. మెలి వాడిదే. ఎడమచేతివాటం కాబట్టి వాడి మెలి ఎప్పుడూ ఎదురుగా తిరిగేది.

తిరుగుదారిలో చెక్‌పోస్టు దగ్గర కారాపారు. అక్కడి హవల్దారు ఎన్నోసార్లు నా కొట్లో బ్యాటరీలు కొన్నవాడు. కిటికీలోంచి నన్ను చూడగానే ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. అటూ ఇటూ చూసి లోపలికి వంగాడు.

"నిన్ను నేను చూడలేదు."

"సారూ, పోయింది మా బావమరిది. నేను బతికే ఉన్నాను. మీ పైవాళ్లకి చెప్పండి."

"ఏమని చెప్పనయ్యా? బ్యాటరీ పోయాడని మావాళ్లు చెప్పేశారు. మావాడే పోయాడని వాళ్లూ ఒప్పుకున్నారు. ఇంకేం సాక్ష్యం కావాలి? నువ్వు లేచొచ్చావంటే, బ్యాటరీ తప్పించుకున్నాడంటారు. మళ్లీ వెతుకుతారు. చచ్చినవాడివి చచ్చినట్టుండు. నీ మేలుకోరే చెప్తున్నా." నిజంగానే నా మేలుకోరే చెప్పాడు.

ఇంట్లో నా భార్య చెప్పు అందుకుంది. ఏడవలేదు. "కొత్తవి కొనుక్కోరా అని చెప్తూనే ఉన్నా. వింటేగా" అంది. తీగ మెలిని వేలితో తడుముతూ ఉండిపోయింది.

విచారణావిడ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నేను రాయగలను. కానీ మీరు కెమెరా ముందు కూర్చుని మీరెవరో చెబితేనే ఎవరైనా నమ్ముతారు. అందులో ప్రమాదముంది. చెప్పమని బలవంతం చెయ్యను."

సెలూన్ అతను నా చెవి కొరికాడు. "అన్నా, చావు అప్పనంగా వచ్చింది. ఉంచుకో. వేరే ఊళ్లో వేరే పేరుతో కొట్టు పెట్టుకోవచ్చు. పోయినవాడు ఎలాగూ రాడు."

లెక్క సరిగ్గానే ఉంది. నేనైనా అదే వేసేవాణ్ని. నిజం చెప్పాలంటే కారులో వస్తూ వేసుకున్నాను కూడా. బేరం కుదిరినట్టే తల ఊపబోతుంటే నా భార్య తలెత్తింది.

"మా తమ్ముడు మీ చావు చచ్చాడు" అంది. "వాడి చావు వాడికిచ్చెయ్యండి."

అంతే. నేను వెళ్లి గుమ్మం ముందు, ఎండలో, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా అసలు పేరు చెప్పాను. వాడి పేరు చెప్పాను. ఫోన్ ఎక్కడ కట్టానో, ఎందుకు కట్టానో, ఎవరెవరు పలికేవారో, కొండవాళ్లు కొన్న సంగతితో సహా చెప్పాను. చెప్పు చూపించాను.

ఆవిడ రాసింది బయటికొచ్చింది. ప్రభుత్వం అందులో నిజం లేదంది. నేనెవరో దొంగ మనిషినంది. కొండవాళ్లు కూడా అదే అన్నారు. ఆ ఒక్క విషయంలో మళ్లీ ఇద్దరి ధరా కలిసింది. వాడి శరీరం కొండ అవతల ఏ జెండా కింద ఉందో మాకివ్వలేదు. అడగడానికి వెళ్లే దారీ లేదు.

ఇప్పుడు కొట్టుకి బోర్డు రాయించాను, నా అసలు పేరుతో. ఎవరైనా బ్యాటరీ అని పిలిస్తే పలకను. ఆకాశంలో ఏదైనా రొద వినిపిస్తే నా భార్య లోపలికి రమ్మనదు. తనే వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నం వాడి వాటా కూర తీసి పక్కన పెడుతుంది. దాన్ని నాకు వడ్డించదు. నేనూ అడగను.

మొత్తానికి వచ్చిందేమిటంటే, మొదట మూడు కథలుండేవి, ఇప్పుడు నాలుగయ్యాయి. మొదటి రెండింటిలో చచ్చింది నేను, మూడోదాంట్లో ఎవరూ చావలేదు. నాలుగోదాంట్లో మాత్రం మా బావమరిది తన పేరుతో, ఆసుపత్రికి బ్యాటరీలు వేసుకుని, దారిలో ముగ్గుర్ని ఎక్కించుకుని వెళ్తున్నాడు.