అమ్మవారి మచ్చలు చెరిపిన పెన్సిల్

నేను ఒక రీటచింగ్ పెన్సిల్‌ని. ఇత్తడి పిడి, సూదిలాంటి ములుకు. ములుకులు అరిగి మారుతుంటాయి గానీ పిడిని మాత్రం నేనే. నన్ను మొదట కొన్నది రేపల్లెలో ఫొటో స్టూడియో పెట్టిన మస్తానయ్య. కళ్ళు మసకబారాక ఆయన నన్ను శిష్యుడు శరభయ్య చేతిలో పెట్టి, ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిర్చేది పురోహితుడు కాదు, ఇదేనని చెప్పాడు.

నెగెటివ్‌లో మచ్చ ఉన్నచోట నేను గీస్తే, కాగితం మీద ఆ మచ్చ కనపడదు. అంతే నా విద్య. శరభయ్య రోజూ దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, దేవుడిచ్చిన మచ్చలు చెరపడానికి కూర్చునేవాడు. ఇందులో ఏదో చిక్కుందని నాకు తోచేది. ఆయనకు తోచేది కాదు.

తర్వాత ప్రతి జేబులోకీ ఒక స్టూడియో వచ్చేసింది. నేను సొరుగులో పడ్డాను. పనికిరాని తాళంచెవుల మధ్య, పదిహేనేళ్ళుగా. ఎవరూ తియ్యరు, ఎవరూ పారెయ్యరు. జిరాక్సులకు వచ్చినవాళ్ళతో శరభయ్య అంటుంటాడు, ఫోన్లు ముఖాలు తియ్యవు, తయారుచేస్తాయని.

మొన్న నాంచారమ్మ వచ్చింది. ఆమె భర్త భూషయ్య పెద్దకర్మ మర్నాడే. మనవడు ఫోన్లో బాగుచేసి కట్టించిన పటాన్ని బల్లమీద పెట్టింది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడిన మనిషి, అందులో ఒలిచిన కోడిగుడ్డులా ఉన్నాడు.

"ఈయనెవరో నాకు తెలవదు శరభయ్యా. ఈయనకి నేను దణ్ణం పెట్టలేను. నా మనిషి మొహం ఇయ్యి."

శరభయ్యకు లోలోపల సంతోషమే. ఫోన్లను నాలుగు తిట్టి, పాత రేకుడబ్బా దింపాడు. పెళ్ళైన ఏడాది ఆ దంపతులు తీయించుకున్న ఫొటో నెగెటివ్ దొరికింది. పదును చూద్దామని అలవాటుకొద్దీ నన్నూ బయటికి తీశాడు. నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. చెయ్యి ఆగిపోయింది.

అందులోనూ భూషయ్య నున్నగానే ఉన్నాడు. ఒక్కో గుంటా నేనే పూడ్చాను. మా ఇద్దరి పనిలో అంతకన్నా మంచిది లేదని శరభయ్య ఆ ఫొటోను ఏళ్ళతరబడి షాపు అద్దంలో పెట్టుకున్నాడు.

నెగెటివ్‌ను కిందికి దించి నిజం చెప్పాడు. "ఇందులోనూ నున్నగానే ఉన్నాడు. ఇది ఫోను చేసింది కాదక్కయ్యా. నేనే."

"చేసినోడివి నువ్వే తియ్యి మరి."

దూది టర్పెంటైన్‌లో ముంచి మెల్లగా తుడిచాడు. నా గీతలు బూడిదరంగు మరకై దూదికెక్కాయి. నేను బల్లమీద పడుకుని చూస్తూనే ఉన్నాను. నోరూ కాళ్ళూ లేనివాళ్ళం, ఏం చేస్తాం? నెగెటివ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. గుంటలన్నిటితో భూషయ్య తెరమీదికొచ్చాడు. నాంచారమ్మ వేలితో ఆ చెంప తడిమింది.

"ఆఁ, వచ్చాడు," అంది. దండ వెయ్యడానికి ఆయన్ని విడిగా, ఇంట్లో ఉంచుకోడానికి ఇద్దర్నీ కలిపి ప్రింట్లు తియ్యమంది.

అయితే నీ ముఖం మీద దిద్దిన గీతలూ తుడిచేస్తానంటూ శరభయ్య మళ్ళీ దూది అందుకున్నాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"నాది తుడవమాకు. ఆయన పక్కన నన్ను అట్టాగే ఉండనీ."

శరభయ్య నవ్వి, నన్ను తీసి సొరుగులో పెట్టి మూశాడు. అబద్ధమో, దయో, నేను చేసిందేమిటో ఆ చీకట్లో నాకింకా తేలలేదు. ఒక ముఖం మాత్రం ఇష్టపడే నా గీతల కింద ఉంది.