మత్తు ఎక్కేదాకా

గౌరీశంకరం గారు ముహూర్తం పెట్టేరంటే కొత్తపేట చుట్టుపక్కల ఇంక ఎవరూ మారుమాట్లాడరు. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ ఎలాగూ ఆయనే. ఈ పదేళ్ళుగా కాన్పు ఆపరేషన్లకి కూడా ఆయన దగ్గరికే వస్తున్నారు. రాజోలు నుంచీ పి.గన్నవరం నుంచీ స్కాన్ కాగితాలు పట్టుకొచ్చి అరుగు మీద కూచుంటే, ఆయన పంచాంగం తిప్పి, ఫలానా రోజు, ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం లోపల అని చీటీ రాసిస్తారు.

అలాంటాయన సొంత కోడలికి చూడకుండా ఉంటారా? అపర్ణకి ఎనిమిదో నెల వచ్చిన వారానికే, ఓ ఆదివారం పొద్దున్న ఫలహారం చేస్తూ, రెండు రోజులు దివ్యంగా ఉన్నాయనీ, డాక్టరుగారికి ఏది వీలో కనుక్కుంటే ఖాయం చేసేస్తాననీ చెప్పేరు.

అపర్ణ కొడుకు దత్తసాయికి ఇడ్లీ తినిపిస్తోంది. తల ఎత్తకుండానే, "నాకు ముహూర్తం వద్దు మావయ్యగారూ. ఈసారి నొప్పులు వచ్చేదాకా ఆగుదామనుకుంటున్నాను," అంది.

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ ఆయన మాటకి అడ్డు చెప్పడం అదే మొదలు. అత్తగారు అచ్చయమ్మ గారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. భర్త భరద్వాజ్ పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయేడు. మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే కదా, పాత కుట్టు విచ్చుకుంటే తల్లీ బిడ్డా దక్కరని ఊరంతా చెప్పుకుంటుంటే ఇదేం పంతం అని అచ్చయమ్మ గారు మొదలెట్టేరు. ఆవిడ భయం నిజమైన భయమే. ఆవిడ చెల్లెలు ఒకావిడ కాన్పులోనే పోయింది. అందుకని అపర్ణ మాట పెంచకుండా దత్తసాయి మూతి తుడిచింది.

గౌరీశంకరం గారు మాత్రం చెయ్యి కడుక్కుని లేచేరు.

నాలుగేళ్ళ కిందట దత్తసాయి కడుపులో కాళ్ళు కిందికి పెట్టుకుని ఉన్నాడు. ఆపరేషన్ తప్పదన్నారు. ముహూర్తం పదీ పన్నెండు నుంచి పదీ ఇరవై నాలుగు. అమలాపురంలో చేర్పించిన నర్సింగ్ హోముకి మత్తు డాక్టరు ఇంకో ఆసుపత్రి నుంచి రావాలి. వచ్చేసరికి పది దాటిపోయింది. వెన్నులో సూది వేసేరు. అందరి కళ్ళూ గోడ గడియారం మీదే ఉన్నాయి. కాలు ఇంకా కదులుతోందండీ అని అపర్ణ చెప్పింది. కదిలినట్టు అనిపిస్తుందమ్మా, నొప్పి తెలీదులే అన్నారు. తెలిసింది. కత్తి మొదట ఎక్కడ పెట్టేరో, ఎక్కడిదాకా లాగేరో ఆవిడ ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలదు. అరిచింది. ఎవరో భుజాలు గట్టిగా పట్టుకుని, భయపడకు, భయపడకు అంటూనే ఉన్నారు. బిడ్డ బయటికొచ్చేక ఏదో ఇంజక్షన్ ఇస్తే నిద్రలోకి జారిపోయింది.

పదీ ఇరవై ఒకటికి పుట్టేడు. బ్రహ్మాండమైన లగ్నం అన్నారు బంధువులంతా.

మర్నాడు భరద్వాజ్‌కి చెప్పింది. అతను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాడు, ఏదైనా అడిగి తెలుసుకునే మనిషి. వెళ్ళి డాక్టర్ని అడిగేడు. కొంతమందికి లాగుతున్నట్టు ఉంటుంది, భయస్థులు దాన్నే నొప్పి అనుకుంటారని ఆయన చెప్పేరు. అతను ఆ మాటే తీసుకొచ్చి ఆవిడకి అప్పజెప్పేడు. అంతే, అపర్ణ ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఏటా పుట్టినరోజుకి మావగారు వచ్చినవాళ్ళకి ఆ లగ్నబలం వివరిస్తుంటే మాత్రం, ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళి కొబ్బరిచెట్ల మధ్య నిలబడేది.

ముహూర్తం మాట వచ్చిన మూడో రోజున భార్యాభర్తలిద్దరూ రాజమండ్రి వెళ్ళేరు. డాక్టర్ అమృతవల్లి గారికి యాభై దాటి ఉంటాయి. నెమ్మదిగా మాట్లాడే మనిషి. పాత కాగితాలన్నీ చదివి, బిడ్డ తల ఈసారి కిందికే ఉంది కాబట్టి మామూలు కాన్పుకి ప్రయత్నించవచ్చని చెప్పేరు. ప్రమాదం ఉండకపోదు. రెండువందల మందిలో ఒకరికి పాత కుట్టు దగ్గర గర్భసంచి విచ్చుకోవచ్చు, అప్పుడు నిమిషాల్లో కోయాలి, అందుకే థియేటరు ఎప్పుడూ సిద్ధంగా ఉండే చోటే ఈ పని చెయ్యాలి. ముందే రోజు అనుకుని ఆపరేషన్ చేసుకుంటే ఆ భయం చాలావరకు తప్పుతుంది గానీ, దాని కష్టాలు దానికున్నాయి. ఇదంతా చెప్పి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేరు.

"అసలు నీకు దేనికి భయం? కోతకా, ఇంకేదైనానా?"

అపర్ణ చీర కొంగు మడతపెట్టింది. తర్వాత, గడియారం దగ్గర మొదలుపెట్టి, కాలు కదలడం, భుజాలు పట్టుకోవడం, అన్నీ చెప్పింది. భర్త పక్కనే ఉన్నాడని కూడా మర్చిపోయింది.

డాక్టరుగారు అంతా విన్నారు. చివర్న అన్నారు, "అది భయం కాదమ్మా. నీకు మత్తు ఎక్కలేదు."

అంత చిన్న మాటకి అపర్ణకి ఏడుపు ఆగలేదు. భరద్వాజ్ నీళ్ళ సీసా మూత తీసి పట్టుకున్నాడు గానీ ఆవిడకి అందించడానికి చెయ్యి ముందుకు రాలేదు.

ఆ రోజు ముగ్గురూ కూచుని ఒక నిర్ణయానికి వచ్చేరు. నొప్పుల కోసం ఆగడం, మామూలు కాన్పుకి ప్రయత్నించడం. మధ్యలో ఆపరేషన్ అవసరమైతే, ఒళ్ళు మొద్దుబారిందని అపర్ణ తన నోటితో చెప్పేదాకా ఎవరూ కత్తి పట్టకూడదు. మత్తు సరిగా ఎక్కకపోతే పూర్తిగా నిద్రపుచ్చాలి. డాక్టరుగారు ఇదంతా ఫైల్లో రాసి, మత్తు డాక్టరుని పిలిపించి ఆయన చేత కూడా చదివించేరు.

ఇంటికొచ్చేక అపర్ణ మావగారి దగ్గరికి తనే వెళ్ళింది. ఆయన అరుగు మీద ఒంటరిగా ఉన్నారు. "నేను పెట్టిన ముహూర్తంలో పుట్టిన నా మనవడికి ఏం తక్కువైందమ్మా?" అని అడిగేరు. గొంతులో కోపం కన్నా కష్టమే ఎక్కువుంది.

"వాడికేం తక్కువ కాలేదండీ. ముహూర్తం దాటిపోతోందని, మత్తు ఎక్కకుండానే నన్ను కోసేరు."

ఆయన పంచాంగం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. నిజమా అని అడగలేదు. అడుగుతారేమోనని అపర్ణ కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చేసింది. ఆ వారం మండపేట నుంచి ఎవరో కాన్పు ముహూర్తానికి వస్తే, "రోజు చెప్తాను నాయనా, గంట మాత్రం డాక్టరుగారినే అడగండి" అంటూ ఆయన పంపించెయ్యడం కిటికీలోంచి వినిపించింది. వచ్చినవాళ్ళు నొచ్చుకుంటూ వెళ్ళేరు.

అచ్చయమ్మ గారు మాత్రం మెత్తబడలేదు. రోజూ దీపం పెట్టి, నువ్వు మనసు మార్చుకోవే అని బతిమాలేవారు. ఒక్కోసారి అపర్ణకీ అనుమానం వచ్చేది. ఆ ఆపరేషన్ టేబులంటే బెదిరి, బిడ్డని ప్రమాదంలోకి తోస్తున్నానా? కడుపు మీద చెయ్యి వేసుకుని పాత కుట్టు వెంట వేలు కదిపేది. కొద్దిగా చురుక్కుమన్నా పై ప్రాణాలు పైనే పోయేవి.

డాక్టరుగారు చెప్పిన గడువుకి తొమ్మిది రోజుల ముందు, ఓ గురువారం పొద్దున్న ఏడింటికి నొప్పులు మొదలయ్యేయి. ఎప్పుడూ అద్దెకి మాట్లాడుకునే కారే. డ్రైవరు వెంకన్న పది నిమిషాల్లో గుమ్మం ముందుకి తెచ్చేడు. అచ్చయమ్మ గారు అడక్కుండానే ముందు సీట్లో ఎక్కి కూచున్నారు. రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డంగా తిరుగుతూ దారి మూసేసేయి. వెనక్కి పోవడానికీ లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా అపర్ణ భర్త మణికట్టు నొక్కేస్తోంది. అతను వాచీ చూసి నిమిషాలు లెక్కపెడుతున్నాడు: ఏడు, ఆరు, మళ్ళీ ఆరు.

"దారి ఇచ్చేస్తారమ్మగారూ, ఆయ్, ఇప్పుడే," అని వెంకన్న కారు దిగి లారీల మధ్యకి పరుగెత్తేడు. ఏం చెప్పి ఒప్పించేడో గానీ రెండు లారీలు పక్కకి జరిగేయి. జొన్నాడ వంతెన మీద గాలి మొహానికి కొట్టేసరికి అపర్ణకి కాస్త ఊపిరాడింది.

ఆసుపత్రిలో మధ్యాహ్నం రెండింటిదాకా అంతా బాగానే సాగింది. బిడ్డ గుండె చప్పుడు మిషన్‌లో టకటకా వినిపిస్తూనే ఉంది. తర్వాత కాన్పు ముందుకి కదలడం ఆగిపోయింది. గంటన్నర గడిచినా మార్పు లేదు. మూడున్నరకి, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కుట్టు దగ్గర మంట ఆగడం లేదని అపర్ణ చెప్పింది. బిడ్డ గుండె చప్పుడు ఒకసారి నెమ్మదించి మళ్ళీ అందుకుంది. ఇంకోసారి నెమ్మదించింది.

డాక్టరుగారు మంచం అంచున కూచున్నారు. "ఇప్పటికి బిడ్డ బాగానే ఉంది. నేనైతే ఇంక ఆగను. కానీ నువ్వు చెప్పాలి."

ఇన్ని వారాలుగా దేన్నైతే తప్పించుకోవాలనుకుందో అదే ఎదురుగా వచ్చి నిలబడింది. అపర్ణ డాక్టరుగారివైపు తిరిగింది. "రాసుకున్నదంతా గుర్తుందా అండీ?" అని అడిగింది. "మూడుసార్లు చదివేను," అన్నారు ఆవిడ. "అయితే పదండి," అంది అపర్ణ.

థియేటర్లో వెన్నులో సూది వేసి, పడుకోబెట్టేరు. నర్సు కృపమ్మ తలవైపు నిలబడి చెయ్యి పట్టుకుంది. మత్తు డాక్టరు మంచుముక్క ఒకటి కడుపు మీద ఆనించి, చల్లగా ఉందా అని అడిగేరు. కుడివైపు లేదు. ఎడమవైపు ఉంది. అపర్ణ నోరు విప్పబోయి ఆగిపోయింది. అవతల బిడ్డ గుండె చప్పుడు మిషన్‌లో కొట్టుకుంటోంది. తను చెప్తే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో బిడ్డకేమైనా అయితే? పోనీ ఓర్చుకుంటే? ఒకసారి ఓర్చుకున్నదే కదా.

"ఎడమపక్క తెలుస్తోందండీ," అంది.

ఎవరూ విసుక్కోలేదు. మందు అటు దిగేలా బల్లని ఎడమవైపుకి ఒకింత వంచేరు. డాక్టరుగారు గ్లవుజులు వేసుకున్న చేతులు ముడుచుకుని అలాగే నిలబడ్డారు. ఒక నర్సు బిడ్డ గుండె లెక్క పైకి చదువుతోంది: నూట ముప్పై, నూట ఇరవై ఆరు, నూట ముప్పై. రెండు నిమిషాలకి మళ్ళీ మంచుముక్క. ఇంకా కొంచెం తెలుస్తోంది. మరో రెండు నిమిషాలు. కృపమ్మ చెయ్యి చెమటతో తడిసింది, అది ఎవరి చెమటో తెలీదు.

"ఇప్పుడు?"

"లేదండీ. అసలు తెలీడం లేదు."

కాలివేళ్ళు కదపమన్నారు. కదలలేదు. మొదలుపెట్టమంటావా అని అడిగేరు. పెట్టమంది.

తర్వాత లోపలెక్కడో ఎవరో బీరువా సర్దుతున్నట్టు లాగడం, తొయ్యడం తెలిసిందంతే. నొప్పి కోసం ఎదురుచూస్తూ ఒళ్ళంతా బిగబట్టుకుని ఉండగానే ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. కృపమ్మ తుడిచి తెచ్చి బుగ్గకి బుగ్గ ఆనించింది. పాత కుట్టు కాగితంలా పలచబడిపోయి ఉందనీ, సమయానికే చేసేమనీ డాక్టరుగారు కుట్లు వేస్తూ చెప్పేరు.

మర్నాడు లేచి నిలబడేసరికి కళ్ళు తిరిగేయి. కుట్లు సలుపుతున్నాయి. పిల్ల పాలు తాగడానికి మొరాయించి గదంతా ఒకటే గోల. అచ్చయమ్మ గారు చెంచాతో పాలు పడుతూ, నీ పంతం నీ కూతురికీ వచ్చిందే అని గొణిగేరు. ఆవిడ మొహం చూస్తే అది తిట్టో ముద్దో తెలియలేదు. అపర్ణకి నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగేయి.

సాయంత్రం అత్తగారు కాఫీకి కిందికి వెళ్ళినప్పుడు భరద్వాజ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. పిల్ల కాళ్ళనే చూస్తూ, "దత్తసాయి పుట్టినప్పుడు నువ్వు చెప్పింది నేను వినలేదు. ఇప్పుడు వింటాను, చెప్తావా?" అన్నాడు.

చెప్పాలా వద్దా అని ఆవిడ కాసేపు ఆలోచించింది. క్షమించడం గురించి ఇంకా ఏమీ అనుకోలేదు. కానీ అడిగేడు కదా. పిల్లని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుని, ఆ రోజు పొద్దున్న ఇంట్లో తల దువ్వుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.