సీసా దిగిన అల్లం

అల్లం మొగ్గను కోసి సీసాలో పెంచడం ఆమెకు ఎన్నడూ అంత కష్టమనిపించలేదు. బావగారిని లాబ్ గుమ్మం బయట ఆపడమే తల ప్రాణం తోకకు తెచ్చేది.

ఆయన ఆమె భర్తకు అన్న. మేడ మీది రెండు గదుల్లో ఆమె టిష్యూ కల్చర్ లాబ్ పెట్టినప్పుడు, మొక్కలు అమ్మే పని నాదంటూ ముందుకొచ్చాడు. అమ్మడంలో గట్టివాడే. కాకపోతే మొక్క పుట్టకముందే అమ్మేసేవాడు. ఇంట్లో అందరూ ఆయన్ని చాటుగా తొందరరావు అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. పైగా ముచ్చటపడేవాడు.

ఆ ఏడు వచ్చిన పని మామూలుది కాదు. మూలికలు పెంచి మందులు చేసే డాక్టరమ్మ ఒకరోజు తడిగుడ్డలో చుట్టిన దుంప పట్టుకొచ్చింది. కోస్తే లోపల నీలంగా కనిపించే మందు అల్లం. కీళ్ళనొప్పులకు ఆవిడ కాచే తైలానికి అదే ప్రాణం. కుళ్ళు తెగులు సోకి మడులన్నీ పోయాయట, మిగిలింది ఆ ఒక్క దుంపేనట. తెగులు లేని పిల్లమొక్కలు చేసిపెట్టగలరా అని అడిగింది. ప్రయత్నిస్తానని ఆమె నోరు తెరిచేలోపే బావగారు, వానలు మొదలయ్యేసరికి మీ తోట నింపేస్తామని మాట ఇచ్చేశాడు.

నేలలో పెరిగిన దుంపను ఎంత కడిగినా లోపల ఏదో ఒక బూజు దాక్కునే ఉంటుంది. ఆమె మొలకల్ని సబ్బునీళ్ళతో, తర్వాత బ్లీచింగ్ నీళ్ళతో కడిగేది. శుభ్రమైన గాలి వీచే పెట్టె ముందు కూర్చుని, పై పొరలు ఒక్కొక్కటే వలిచి, గోరంత కూడా లేని మొగ్గను జెల్లీ పోసిన సీసాలో నిలబెట్టేది. నాలుగు రోజులు అది ఆశ పెట్టేది, ఐదో రోజు జెల్లీ మీద తెల్లటి నూగు. ఆ సీసాలు పారబోసి మళ్ళీ మొదలుపెట్టేది. దుంప మీద మొలకెత్తే కళ్ళు తరిగిపోతున్నకొద్దీ ఆమెకు నిద్ర కూడా తరిగిపోయింది.

ఇంత నిష్ఠగా తను పని చేస్తుంటే బావగారు వీధిలో తిరిగిన చెప్పులతోనే లోపలికి వచ్చి, సీసా మూత మీద వేలు పెట్టి, "ఇంకా వేళ్ళు రాలేదా అమ్మాయ్?" అనేవాడు. పంచదార, ఉప్పులు కలిపి జెల్లీ కాచే గది కనక దానికి ఆయన వంటగది అని పేరు పెట్టాడు. "రోజూ వండుతావు, ఒక్కనాడైనా వడ్డించవేం?" అని తన జోకుకి తనే నవ్వేవాడు. ఆమె భర్తకు చెప్పుకుంటే, అన్నయ్య సంగతి తెలిసిందే కదా అని పేపరు పైకెత్తుకునేవాడు.

చివరికి దుంప మీది ఆఖరి కళ్ళలో రెండు శుభ్రంగా నిలిచాయి. ఒక్కో మొగ్గ పక్క నుంచి పిలకలు వేసింది. వాటిని విడదీసి కొత్త సీసాల్లో పెట్టింది, అవి మళ్ళీ పిలకలు వేశాయి. వేళ్ళు మాత్రం బెట్టు చేశాయి. చాలాకాలం సీసాల్లోనే ఉంచాల్సి వచ్చింది. అరలన్నీ పచ్చగా నిండిన రోజున ఆమె తలుపు వేసుకుని కాసేపు ఒక్కతే నిలబడి చూసుకుంది.

సీసాలోంచి దించడమే అసలు గండం. లోపల తేమలో పెరిగిన ఆకులకు బయటి గాలి తెలియదు. అందుకే వేళ్ళకంటిన జెల్లీ కడిగి, ట్రేలలో నాటి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, రోజుకు కాస్త చొప్పున తెరుస్తూ అలవాటు చేయాలి. షీటు ముట్టుకోవద్దని ఆమె బావగారికి విడమరిచి చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆయన తల దేనికైనా ఊగుతుంది.

మర్నాడు పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, దవడ పట్టుకుని ఆమె తిరిగొచ్చేసరికి ట్రేలు గదిలో లేవు. డాబా మీద, ఎండలో, వరసగా పేర్చి ఉన్నాయి. డాక్టరమ్మకు ఫోటో తీసి పంపుదామని ఆయన బయటికి తెచ్చాడట. షీటు లోపల ఆవిరి పట్టి మొక్కలకు ఊపిరాడడం లేదనిపించి తీసేశాడట. ఈలోగా ఫోన్ వస్తే మాటల్లో పడ్డాడట. ఆకులన్నీ తడిసిన దారప్పోగుల్లా మట్టి మీద పడుకున్నాయి.

ఆమె అరవలేదు. దవడ అసలే తెరుచుకోవడం లేదు. మెట్ల మీద కూలబడింది.

"పిల్లలకైనా కాస్త ఎండ తగలాలి కదమ్మా" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"బావగారూ, ఆవిడ దగ్గర ఇంక దుంప లేదు. సీసాల్లో ఉన్నవన్నీ దించేశాను, నా దగ్గర మొగ్గ లేదు. ఈ మాట ఆవిడకి మీరే వెళ్ళి చెప్పండి. ఫోన్లో కాదు."

ఆయన వెళ్ళాడు. సాయంత్రం వచ్చి చెప్పేశానన్నాడు. ఏమని చెప్పారని గుచ్చి గుచ్చి అడిగితే నీళ్ళు నమిలి, కాస్త ఆలస్యమవుతుందని చెప్పానన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ముందే ఫోన్ తీసి డాక్టరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పింది. తన లాబ్‌లో జరిగింది కనక తప్పు తనదేనంది. అంతా విని ఆవిడ, "మా అమ్మ నాటిన మడమ్మా అది" అని పెట్టేసింది. పక్కనే నిలబడి విన్న బావగారు మొదటిసారి ఏ జోకూ వేయకుండా కిందికి దిగి వెళ్ళిపోయాడు.

ట్రేలు కడిగి పెట్టేద్దామని ఆమె ఎండిన మొక్కల్ని పీకడం మొదలుపెట్టింది. మూడో నాలుగో మొక్క మొదట్లో వేలికి ఏదో గట్టిగా తగిలింది. మట్టి తుడిచి చూస్తే, శనగగింజంత దుంప. గోటితో గిల్లితే నీలం. సీసాల్లో ఎక్కువకాలం ఉన్నందుకు కొన్ని మొక్కలు అడుగున బుల్లి దుంపలు కట్టాయి. పైన ఆకు పోయింది గాని కింద ప్రాణం ఉంది. పీకినవాటిని గబగబా మళ్ళీ పాతింది. ట్రేలన్నీ చల్లటి నీడలో పెట్టి, మట్టి ఆరీఆరకుండా తడుపుతూ, ఆ గదికి తాళం వేసి తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. బావగారు అడగలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడవడం మాత్రం నేర్చాడు.

సగానికి పైగా మట్టిలోనే కుళ్ళిపోయాయి. మిగతావి సూదిమొనల్లా పైకి వచ్చాయి. ఈసారి ఆకులు బయటి గాలిలోనే పుట్టాయి కనక మొండిగా నిలబడ్డాయి. తోట నిండదు గాని ఒక మడి నిండుతుంది.

కబురందుకుని డాక్టరమ్మ వచ్చింది. ట్రే ముందు వంగి, ఒక ఆకు నలిపి వాసన చూసుకుని, "అదే" అంది. కళ్ళు తుడుచుకుంది. బావగారు గొంతు సవరించుకున్నాడు.

"చూశారా, కాస్త ఎండ చూపిస్తే గట్టిపడతాయని నేను అననే అన్నాను. ఇది మా లాబ్ కొత్త పద్ధతి."

ఆమె చేతిలోని ట్రే కింద పెట్టింది. ఆయన్ని నిలువునా చూసింది. ఆయన చూపు తిప్పుకుని కిటికీ రెక్క సరిచేశాడు.

"వాటితో నేనూ వస్తాను, నాటేది నా చేత్తోనే నాటతాను" అంది ఆమె డాక్టరమ్మతో. ఇద్దరూ చెరో ట్రే పట్టుకుని మెట్లు దిగారు. వెనక నుంచి బావగారు, నీళ్ళు ఎక్కువ పోయండి, నీళ్ళు ఎక్కువ పోయండి అని కేకేస్తున్నాడు.

"పోయకండి" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.