పిల్లమ్మ ఇంటి తిన్నె

బేరిగైలో ఆడవాళ్ళ సంఘానికి ఒక పద్ధతుంది. ఏ ఇంట్లోనైనా మొగుడు పెళ్ళాం మీద చెయ్యి చేసుకుంటున్నాడని తెలిస్తే చాలు, పూలబుట్టలు చంకన పెట్టుకొని పోయి ఆ ఇంటి తిన్నె మీద కూర్చుంటారు. తిట్టరు, నీతులు చెప్పరు. చేమంతులు కట్టుకుంటూ కూర్చుంటారంతే. ఎంత మొనగాడైనా, ఊరి ఆడవాళ్ళు వాకిట్లో కూర్చొని వింటుంటే చెయ్యి ఎలా లేపుతాడు, పాపం!

ఈ పనిలో పిల్లమ్మ అందరికంటే ముందుండేది. అలాంటి మనిషి, ఆ ఆదివారం మధ్యాహ్నం తన సొంత తిన్నె మీదకే సంఘంలోని తమిళ్‌సెల్వీ, మునిలక్ష్మమ్మా బుట్టలతో వచ్చి కూర్చుంటే తెల్లమొహం వేసింది.

అప్పటిదాకా ఆమె పెరట్లో గిన్నెలు తోముతోంది. లోపలి గదిలో కొడుకు మోహన్‌రాజ్ అరుస్తున్నాడు, కోడలు సుగంధి ఏడుస్తోంది. అవి వినపడ్డాయో లేదో పిల్లమ్మకే తెలియదు. అరుపు చెవిన పడితే ఆమెకు చేతులు చల్లబడతాయి, బుర్ర ఎక్కడికో పోతుంది. చచ్చిపోయిన మొగుడు గోపాలప్ప గొంతూ కొడుకు గొంతూ ఒక్కలాగే ఉంటాయి. ఏది అప్పటిదో, ఏది ఇప్పటిదో తేలదు. తేలనప్పుడల్లా గిన్నెలు తోముతుంది. ఆ ఇంట్లో గిన్నెలు తళతళలాడేది ఊరికే కాదు.

"ఏందమ్మా, ఈడొచ్చి కూర్చున్నారు?" అని అడిగింది.

తమిళ్‌సెల్వి దారాన్ని పళ్ళతో తెంపింది. "వచ్చినాములే పిల్లమ్మక్కా. నువ్వూ కూర్చో."

"ఇప్పుడొచ్చినారేంది? ఆయప్ప పోయి ఎన్నేండ్లాయె. నన్ను కొట్టేవాడు ఇంట్లో లేడు గదా. అప్పుడు రావాల్సింది గదమ్మా..." అంది పిల్లమ్మ.

మునిలక్ష్మమ్మ చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. సంఘంలో ఇన్నాళ్ళుగా పిల్లమ్మ తన మొగుడి మాటే ఎత్తలేదు. అందరి కన్నీళ్ళూ తుడిచేది, తన వంతు వచ్చేసరికి టీ పెట్టడానికి లేచేది.

"అప్పుడు మాకు ధైర్యం లేకపాయె అక్కా. తప్పే," అంది మునిలక్ష్మమ్మ మెల్లగా. "ఇప్పుడు సుగంధి కోసరం వచ్చినాము. మీవోడు తలుపేసి ఆ బిడ్డను కొడతా ఉండాడు."

అయితే విన్నది నిజమేనన్నమాట. కానీ వాడు మోహనుడు కదా! నాయన అరిస్తే తన కొంగులో దూరి వణికినవాడు కదా! వాడిని కడుపులో దాచుకోవాలో, చెంప పగలగొట్టాలో అర్థం కాలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, మళ్ళీ పోయి గిన్నెల ముందు కూర్చుందామనే అనిపించింది. అంతలో లోపల ఏదో దబ్బున పడింది. "అత్తా" అని సుగంధి కేక వినపడింది. కన్నతల్లిని కాదు, ఆ పిల్ల అత్తనే పిలిచింది.

పిల్లమ్మ పోయి గది తలుపు బాదింది. మోహన్‌రాజ్ గడియ తీశాడు. అతన్ని దాటుకొని సుగంధి బయటికి వచ్చి అత్త వెనక నిలబడింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. తిన్నె మీది ఆడవాళ్ళను చూసి మోహన్‌రాజ్ మొహం మాడిపోయింది.

"వాళ్ళను పొమ్మనమ్మా. మన ఇంట్లో వాళ్ళకేం పని?"

"ఇల్లు నాది గదప్పా," అంది పిల్లమ్మ. "వాళ్ళుంటారు. ఈ పిల్లా ఉంటాది. నువ్వే పో. చెయ్యెత్తేవాడికి ఈడ చోటు లేదు."

ఎన్నో ఏళ్ళుగా నోట్లోనే నానిన ఆ మాట కొడుకుతో అన్నదో, మొగుడితో అన్నదో ఆమెకే తెలియలేదు. చెప్పులేసుకొని వెళ్ళిపోయింది మాత్రం కొడుకే.