గోడకి గీత పడితే

కరాబూల్ ఊళ్ళో ఈగ ఒకటి వచ్చి టోపీ మీద వాలిందంటే మనిషికి మెడ వంగిపోవాల్సిందే, అంత లావు. ఎండ సంగతి అడగనే వద్దు, వేసవిలో కోళ్ళు ఉడికిన గుడ్లే పెడతాయి. ఇవి మీరు నమ్మకపోయినా ఫరవాలేదు. కానీ అదే ఊళ్ళో, వృద్ధుల హోమ్‌లో, డెబ్భై తొమ్మిదేళ్ళ నోరీన్ ఒక గది గోడని పళ్ళ బ్రష్షుతో తోముతూ కూర్చుందంటే మాత్రం, అయ్యలారా, అమ్మలారా, అది అక్షరాలా నిజం.

గోడ మీద నల్ల గీత. భర్త క్లారీ పట్టుకుని నడిచే వాకర్ తగిలి పడింది. ఒకప్పుడు క్లారీ కత్తెర పడితే గొర్రెకి బొచ్చు పోయిన సంగతి మర్నాడు చలేసేదాకా తెలిసేది కాదు. ఇప్పుడు మతిమరుపు జబ్బు ముదిరింది. భార్య పేరు పొద్దున గుర్తుంటే సాయంత్రం ఉండదు. పొయ్యి వెలిగించి వదిలేస్తున్నాడని, ఇక ఇంట్లో కాచుకోలేక, మూడు వారాల కిందట ఇక్కడ చేర్చింది.

"కదలకు క్లారీ. నీకు దండం పెడతాను, ఆ మంచం మీదే కూర్చో."

"షెడ్డుకి పోవాలే. గొర్రెలు ఎదురుచూస్తున్నాయి."

"గొర్రెలు రేపొస్తాయి. నువ్వు గోడకి గుద్దుకున్నావంటే మన డబ్బు పోతుంది."

క్లారీ కూర్చున్నాడు. చేరిన కొత్తలో వరండా చివరిదాకా నడిచి, నర్సులతో హాస్యాలాడిన మనిషి. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసి దొరికినవాడిలా మంచం అంచున ఉంటున్నాడు. లేవబోతే చాలు, "గోడ!" అని భార్య అరుపు. నడవకపోతే కాళ్ళు పడిపోతాయమ్మా అని నర్సు చెప్పింది. నోరీన్‌కి వినపడలేదు. ఆమె చెవుల్లో ఒక్క మాటే గింగురుమంటోంది. బాండు.

గదికి డిపాజిట్ ఉంటుందని హోమ్ ఆఫీసులో చెప్పారు. ఇంటి ధరంత మొత్తం. పక్కనే ఉన్న కొడుకు డారిల్ తల్లికి తేలిగ్గా విడమరిచాడు. "అదేలేమ్మా, బాండు."

డారిల్ గోధుమల లారీ తోలతాడు. రెండు బీర్లు పడితే అతనికి తెలియని విషయం ఉండదు. ఒకసారి అద్దె ఇంట్లో అతని కుక్క కార్పెట్ నమిలింది. ఖాళీ చేసినప్పుడు ఇంటివాడు అద్దెకి ముందు కట్టించుకున్న బాండు మొత్తం మింగి కూర్చున్నాడు. బాండంటే నోరీన్ ఇంట్లో అందరికీ తెలిసిన అర్థం అదే. కట్టడమే మన వంతు, తిరిగిరాదు.

"అంత డబ్బు ఎక్కణ్ణించి తెస్తాంరా?" అంది తల్లి.

"ఇల్లుందిగా. మన ఆస్తిపాస్తులు సర్కారుకి చెప్పుకుంటే ఏదో సాయం దొరకొచ్చన్నారు కూడా."

"మన గుట్టు సర్కారు ముందు విప్పుకుంటామా! మీ నాన్న ఎవరి దగ్గరా చెయ్యి చాచిన మనిషి కాదు."

అలా నోరీన్ ఇల్లు వేలానికి పెట్టింది. శనివారం అది అమ్ముడుపోకపోతే క్లారీ మంచం వీధిలో పడేస్తారని నోరీన్ భయం. అమ్మాక తను ఎక్కడుంటుంది? చక్రాల ఇళ్ళుండే కారవాన్ పార్కులో ఒక పాత బండి అద్దెకి చూసిపెట్టుకుంది. నిలబడితే తల పైకప్పుకి తగిలే బండి.

కరాబూల్‌లో వేలమంటే తిరునాళ్ళే. కొనేది ఇద్దరు, మిగతావాళ్ళంతా ఎదుటివాళ్ళ కర్టెన్లు చూడ్డానికొస్తారు. శనివారం నోరీన్ వాకిట్లోకి డల్సీ కూడా మడత కుర్చీ, ఫ్లాస్కు టీ పట్టుకుని వచ్చింది. భర్త పోయిన మనిషి, నోరీన్‌కి బడి నాటి స్నేహితురాలు. ఆమె ఉండేది ఆ కారవాన్ పార్కులోనే.

"ఏమే నోరీన్, ఇది అమ్మి ఏ రాజమహల్ కొంటున్నావే?"

"నీ పక్క బండే. చక్కెర అడిగితే లేదనకు."

డల్సీ నవ్వబోయి ఆగిపోయింది. "నిజంగానా? ఎందుకే?"

"క్లారీ బాండు కట్టాలి. ఎలాగూ పోయే డబ్బే. కాస్తయినా తిరిగొస్తుందేమోనని రోజూ గోడ తోముతున్నా."

"గోడ తోమడమేంటే?"

"రెండు లక్షల ఎనభై వేల డాలర్లు, ఒకటోసారి!" అని వేలంపాటవాడు రాస్ సుత్తి ఎత్తాడు.

డల్సీ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఆపవోయ్ రాస్!"

"పాట పెంచుతున్నావా పెద్దమ్మా?"

"పెంచుతా, నీ వీపు మీద. కాసేపు నోరు మూసుకో." డల్సీ వెళ్ళి నోరీన్ రెండు చేతులూ పట్టుకుంది. "ఒసే పిచ్చిదానా, అది అద్దె కొంప బాండు కాదే. మా ఆయన కీత్‌కి నేనూ కట్టాను. ఆయన గోడంతా గీకి పెట్టాడు, ఎవడూ పట్టించుకోలేదు. ఆయన పోయాక చట్టం ప్రకారం పట్టుకునేది పట్టుకుని మిగతాది చేతిలో పెట్టారు."

"అయితే ఇల్లమ్మి కట్టినా నీకేం పోయిందే?"

"ఇల్లు పోయిందే! డబ్బు తిరిగొచ్చింది, ఇల్లు తిరిగి రాలేదు. ఆ డబ్బుకి అప్పటికి ఊళ్ళో కోళ్ళగూడు కూడా రాదు. నా నిమ్మచెట్టు కొట్టేసి ఎవడో కారు పెట్టుకుంటున్నాడు. తర్వాత తెలిసింది, నువ్వు ఇందులో కాపురమున్నంతకాలం సర్కారు వేసే క్లారీ ఆస్తి లెక్కలోకి ఈ ఇల్లు రాదు. అమ్మితే ఆ డబ్బు లెక్కకొస్తుంది. సాయం అందాల్సినదానివి, ఇల్లమ్ముకుని మరీ పూర్తి ధర కడతావన్నమాట! అంతా ఒకేసారి కట్టక్కర్లేదు కూడా, రోజుకింతని కట్టుకోవచ్చు. ఎలా కట్టేదీ తేల్చుకోడానికి చేరాక నాలుగు వారాలు గడువుంటుంది. ఎవర్నీ అడగలేదా?"

"డారిల్‌ని అడిగా."

"వాడికంటే వాడి కుక్కని అడగాల్సింది. కార్పెట్ గురించైనా సరిగ్గా చెప్పేది."

అక్కడే నిలబడ్డ డారిల్ మొహం కందిపోయింది. టోపీ తీసి చేత్తో నలిపాడు.

"నోరీన్ అమ్మా," అన్నాడు రాస్ మెల్లగా, "సుత్తి పడిందంటే ఇక నా చేతుల్లో ఉండదు."

నోరీన్ డల్సీ చేతులు వదల్లేదు. "నువ్వు పొరబడితేనో డల్సీ? క్లారీని బయట పెడితేనో?"

"నేను పొరబడితే వచ్చేవారం అమ్ముకో. అమ్మేశాక నువ్వు పొరబడ్డావని తెలిస్తే?"

నోరీన్ తన గుమ్మం వైపు చూసింది. "దించెయ్ రాస్ ఆ సుత్తి. నా ఇల్లు నేను అమ్మను."

సోమవారం ఈ లెక్కలు తెలిసినవాళ్ళని అడిగితే, డల్సీ చెప్పింది నిజమేనని తేలింది. అంతా ఉచితం కాదు. క్లారీ పెన్షన్‌లో చాలా భాగం హోమ్‌కే పోతుంది, నోరీన్ మాంసం కొట్టువైపు వెళ్ళడం తగ్గించింది. కానీ పైకప్పు మిగిలింది.

ఆ మధ్యాహ్నమే నోరీన్ క్లారీ గదిలోకి పరుగున వెళ్ళింది. "లే క్లారీ, షెడ్డుకి పోదాం. గొర్రెలు ఎదురుచూస్తున్నాయి."

లేపడానికి ఇద్దరు నర్సులు కావలసివచ్చింది. కాళ్ళు గడ్డిపోచల్లా వణికాయి. రెండడుగులకే వాకర్ గోడకి తగిలింది. క్లారీ కొయ్యబారిపోయి, బెదురుగా ఆమెకేసి చూశాడు.

"గోడ," అన్నాడు. "డబ్బు పోతుంది."

భార్య పేరు నిలవని బుర్రలో ఆ మాట ఒక్కటే నిలిచిపోయింది.

నోరీన్ వాకర్ అందుకుని తనే గోడకేసి కొట్టింది. "ఏమీ పోదు. గుద్దు క్లారీ, ఇంకా గట్టిగా గుద్దు," అని ఏడ్చింది. అతను గుద్దలేదు. వెనక్కి తిరిగి, మంచం కోసం తడుముకున్నాడు.

అయ్యలారా, అమ్మలారా, పెద్దవాళ్ళని హోమ్‌లో చేర్చేటప్పుడు ఎంత కట్టాలి, ఎలా కట్టాలి, ఎంత తిరిగొస్తుంది అని తెలిసినవాళ్ళని ముందే అడగండి. మనం సిగ్గుపడి అడగకపోతే, ఆ ఖరీదు కట్టేది ఆ ముసలి ప్రాణమే.